తూము పక్కన బుంగ: ఒక చిన్న వరద కట్ట కేస్ స్టడీ

ఇది రాయలసీమలో గుట్టల వరుస కింద ఉన్న ఒక పల్లె సంగతి. ఊరి పేరు, వంక పేరు, పనిలో ఉన్నవాళ్ల వివరాలు వదిలేశాం. చోటు గుర్తుపట్టే వీల్లేకుండా కొలతలు కొద్దిగా సవరించాం కానీ, వాటి మధ్య లెక్క చెడనివ్వలేదు.

చెరువు కట్టలో ఏడాదిలో చాలా నెలలు ఎంతోకొంత నీళ్లుంటాయి. ఊట మెల్లగా మొదలవుతుంది, చెరువు నీళ్లు చూసుకునే నీరుగట్టి కంటబడుతుంది, నలుగురికీ తెలుస్తుంది. వరద ఆపడానికి వంక మీద కట్టిన మట్టికట్ట అలా కాదు. ఏళ్ల తరబడి ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది. ఒక రాత్రి, ఆరేడు గంటల్లో నాలుగు మీటర్ల నీళ్లు మీదపడతాయి. లోపల ఏ లోపమున్నా బయటపడేది ఆ రాత్రే. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా చెరువు కట్టలాగే కట్టి, చెరువు కట్టలాగే మరమ్మతు చేయబోవడం వల్ల ఇక్కడ రెండు సీజన్లు పోయాయి.

నేపథ్యం

ఊరికి ఎగువన వంక పరీవాహకం 4.2 చదరపు కిలోమీటర్లు. సగానికి పైగా బండ, కంపచెట్లు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టినప్పుడు గుట్ట మీద పడ్డ వాన గంటన్నర తిరక్కుండానే ఊళ్లోకి దిగేది. వంకను వెడల్పు చేద్దామంటే రెండు పక్కలా ఇళ్లే. నీళ్లను ఎగువనే ఆపి, వంక మోయగలిగినంత మాత్రమే కిందికి వదలాలన్న ఆలోచన సరైనదే.

కట్ట పొడవు 210 మీటర్లు. లోతైన చోట ఎత్తు 6.8 మీటర్లు, పైన వెడల్పు 3 మీటర్లు. ఎగువ వాలు 2.5:1 (మీటరు ఎత్తుకు అడ్డంగా 2.5 మీటర్లు), దిగువ వాలు 2:1. అడుగున 35 మీటర్ల పొడవున తూముగా 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (కాంక్రీటు గొట్టం) వేశారు. దానికి గేటు లేదు, ఎప్పుడూ నోరు తెరిచే ఉంటుంది. మరువ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) మట్టం వంక అడుగు నుంచి 4.8 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడిదాకా పట్టే నీళ్లు దాదాపు 1.8 లక్షల ఘనపు మీటర్లు. గుట్ట మీద ఒక దఫాలో 120 మిల్లీమీటర్లు కురిసి, అందులో 40 శాతం పారితే వచ్చేది 2 లక్షల ఘనపు మీటర్లు. ఆ తేడా కట్ట నిండేలోపే పైపులోంచి పోతుంది. నీళ్లు 4 మీటర్ల ఎత్తున నిలిచినప్పుడు పైపు సెకనుకు సుమారు 1.5 ఘనపు మీటర్లు వదులుతుంది కాబట్టి, నిండిన కట్ట రెండు రోజుల్లో ఖాళీ అయిపోవాలి. లోపలి పొలాల్లో వేరుశనగ వేసుకునే రైతులు ఒప్పుకున్నది కూడా ఈ రెండు రోజుల లెక్క మీదే.

2021 ఆనకట్టల భద్రతా చట్టం ప్రధానంగా 15 మీటర్లు దాటిన వాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి వర్తిస్తుంది. 6.8 మీటర్ల కట్ట ఆ జాబితాలోకి రాదు. కింద నలభై ఇళ్లున్నా దీన్ని ఏటా తనిఖీ చేయాల్సిన బాధ్యత ఎవరి మీదా పడలేదు.

ఏం జరిగింది

కట్టాక రెండేళ్లు పెద్ద వాన లేదు. మూడో ఏడు నవంబరులో ఒక రాత్రి కట్టలో 3.6 మీటర్ల నీళ్లు చేరాయి. తెల్లారి చూస్తే దిగువన పైపు బయటికి వచ్చే చోట, పైపు నోటి పక్కన కట్టిన రెక్కగోడకూ మట్టికీ మధ్య నుంచి బొటనవేలు లావు ధార. 15 లీటర్ల బకెట్ పట్టి చూస్తే 5 సెకన్లలో నిండింది, అంటే సెకనుకు 3 లీటర్లు. రెండు గంటల తర్వాత అదే బకెట్ 3 సెకన్లకే నిండింది.

మామూలుగా ఊట నీళ్లు తేటగా ఉంటే ఫర్వాలేదనీ, బురదగా ఉంటే లోపల మట్టి కొట్టుకుపోతోందనీ చెప్పుకుంటాం. వరద కట్ట దగ్గర ఆ గుర్తు పనికిరాదు. కట్టలో ఉన్నదే బురద నీళ్లు, పైపులోంచి వచ్చేదీ బురదే. ఇక్కడ తేడా పట్టించింది రంగు. వంక నీళ్లు ఎర్రగా ఉంటే, గోడ పక్క ధార సున్నం కలిపినట్టు తెల్లగా వచ్చింది. గుట్ట మట్టి ఎరుపు, కట్ట లోపలి మట్టి తెలుపు. అంటే ఆ ధార మోసుకొస్తున్నది కట్టనే.

నలభై గంటల్లో కట్ట ఖాళీ అయింది. నీళ్లు దిగాక ఎగువ వాలు మీద, సరిగ్గా పైపుకు పైన 80 సెంటీమీటర్ల వెడల్పున గుంత కనిపించింది. గడకర్ర దించితే రెండు మీటర్లు పోయింది. పైపుకు గేటు లేకపోవడమే ఆ రోజు కట్టను కాపాడింది. గేటు ఉండి, బోర్లకు ఊట పెరుగుతుందని ఎవరైనా నీళ్లు నిలిపి ఉంటే, వారం రోజుల ఒత్తిడికి ఆ బుంగ గండిగా మారేది. గేటు పెట్టించమని ఇప్పటికీ అడుగుతుంటారు. ఒప్పుకోకూడదు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

గుంతను ఎర్రమట్టితో నింపి దిమ్మిస కొట్టారు. రెక్కగోడ పక్క సందును సిమెంటు గారతో మూశారు. మూడు వారాల తర్వాత మళ్లీ వాన పడింది. ఈసారి నీళ్లు 3.1 మీటర్లకే చేరాయి కానీ, ధార గోడకు ఎడమ పక్క 3 మీటర్ల దూరంలో వాలు మధ్య నుంచి లేచింది. బయటికొచ్చే దారి మూస్తే నీళ్లు ఆగవు. లోపల ఒత్తిడి పెరిగి, మెత్తగా ఉన్న ఇంకో చోటు వెతుక్కుంటాయి. గార పూయడం ఏమీ చేయకపోవడం కంటే చెరుపు. ఎందుకంటే ఎక్కడ చూడాలో తెలిసిన ధారను తెలియని చోటికి తరిమింది.

తర్వాత ఫిబ్రవరిలో గ్రౌటింగ్. కట్ట పైనుంచి పైపుకు రెండు పక్కలా మీటరున్నర ఎడంతో బోర్లు వేసి, సిమెంటు, బెంటొనైట్ (నీళ్లకు ఉబ్బే బంకమట్టి) కలిపిన పాలు పోశారు. ఒత్తిడి పెట్టకుండా, దాని బరువుకే దిగనిచ్చారు. ఆ జాగ్రత్త మంచిదే, ఒత్తిడితో పంపితే చిన్న మట్టికట్ట చీలుతుంది. దాదాపు 60 బస్తాల సిమెంటు పట్టింది. చివరి రెండు బోర్లలో పోసిన పాలు కాసేపటికి పైపు నోట్లోంచి కారాయి. ఆ ఒక్క గుర్తుతోనే పని ఆపి ఆలోచించాల్సింది. పైపు జాయింట్లు విడిపోయాయని అది చెప్పకనే చెప్పింది. కానీ బిల్లులో బస్తాల లెక్క పెరిగేకొద్దీ కట్ట గట్టిపడుతోందని అనుకున్నారు. గ్రౌట్ పెద్ద ఖాళీలను నింపుతుంది కానీ మట్టితో అతుక్కోదు. మట్టి ఎండి కుంచించుకున్నప్పుడల్లా దాని అంచు వెంట మళ్లీ సన్నని సందు తెరుచుకుంటుంది.

అదే వేసవిలో ఎగువ వాలు మీద అర మీటరు మందాన రేగడి పరిచారు. చెరువుల్లో ఇది చాలాచోట్ల పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ రేగడి తడిగా ఉంటుంది. ఇక్కడ మే నెలాఖరుకి అరచేయి దూరేంత నెర్రెలిచ్చింది.

అక్టోబరులో నీళ్లు 2.4 మీటర్లకు రాగానే ధార మొదలైంది. మొదటిసారి 3.6, తర్వాత 3.1, ఇప్పుడు 2.4. ధార పరిమాణాన్ని మాత్రమే చూసినవాళ్లకి పరిస్థితి మెరుగైనట్టు కనిపించింది, నిజంగానే బకెట్ నిండడానికి 8 సెకన్లు పట్టింది. కట్టలో నీటిమట్టంతో కలిపి చూస్తే, అంతకంతకు తక్కువ నీళ్లకే లోపలి దారి తెరుచుకుంటోంది. మట్టం రాయకుండా ఊట కొలత ఒక్కటే రాస్తే తప్పుదారి పడతాం.

ఆ రాత్రి చేసిన పనుల్లో ఒకటి మాత్రం సరిగ్గా పడింది. ధార లేచే చోట గోతాలు కుక్కడం ఆపించి, ముందు ముతక ఇసుక, దాని మీద 10 మిల్లీమీటర్ల చిప్స్, ఆపైన 40 మిల్లీమీటర్ల కంకర పోయించాం. చుట్టూ ఇసుక బస్తాలతో మోకాలెత్తు వలయం కట్టాం. నీళ్లు వస్తూనే ఉన్నాయి, మట్టి రావడం ఆగింది. రెండు గంటల్లో వలయంలో నీళ్లు తేటపడ్డాయి. బుంగ లోపలి నోరు వెతకడానికి ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వలేదు. నీళ్లు లోపలికి పీల్చుకునే చోట ఈత వచ్చినవాడికి కూడా ప్రాణాపాయమే.

మట్టి ఏం చెప్పింది

తేటపడ్డ ఆ వలయమే అసలు మందు ఏమిటో చూపించింది. ఐతే మట్టి ఇంత తేలిగ్గా ఎందుకు కరిగిపోతోందన్నది తేలాలి. కట్ట కట్టినప్పటి రిపోర్టులో ద్రవ అవధి, ప్లాస్టిసిటీ, ప్రాక్టర్ (మట్టి ఎంత గట్టిగా కుదురుతుందో చూసే పరీక్ష) ఫలితాలు అన్నీ ఉన్నాయి, అన్నీ నిబంధనలకు లోబడే ఉన్నాయి. అడగని ప్రశ్నకు జవాబు మాత్రం అందులో లేదు.

జవాబు చెప్పింది అక్కడ గొర్రెలు మేపే పెద్దాయన. మట్టి తవ్విన గుంతను చూపించి, "ఆ గుంతలో నీళ్లు నెలైనా తేటపడవు సార్, అది చౌడు. నీళ్లు తగిల్తే పాలైపోతాది" అన్నాడు. పైన మీటరు ఎర్రమట్టి, దాని కింద తెల్లటి పొర. మనిషెత్తు తవ్వేసరికి లారీల్లో వెళ్లిందంతా ఆ తెల్ల పొరే.

మట్టిలో సోడియం ఎక్కువైతే బంకరేణువులు ఒకదాన్నొకటి పట్టుకోకుండా, తేట నీళ్లు తగలగానే విడివడి తేలిపోతాయి. వాన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి అవి ఈ పనిని ఇంకా సులువు చేస్తాయి. అమెరికాలో ఓక్లహోమా, మిసిసిపీ రాష్ట్రాల్లో వరదల అదుపు కోసం కట్టిన చిన్న మట్టికట్టల్లో కొన్నింటికి మొదటిసారి నిండినప్పుడే బుంగలు పడ్డాయి. 1970ల మొదట్లో షెరార్డ్ అనే ఇంజనీరు బృందం వాటిని పరిశీలించి కారణంగా తేల్చింది ఇలాంటి మట్టినే. సోడియం ఎక్కువున్న మన చౌడు నేలలు ఆ కోవలోవే.

పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, ఒక గాజు గ్లాసు చాలు. బోరు నీళ్లు వాడకూడదు, వాటిలోని లవణాలు లోపాన్ని దాచేస్తాయి. తవ్విన చోట ఉన్న తేమతోనే శనగగింజంత ముద్ద తీసుకుని, కదపకుండా గ్లాసు అడుక్కి జార్చాలి. ముద్ద ముక్కలై పడిపోవడం వేరు, మంచి మట్టి కూడా ఎండి ఉంటే అలా రాలుతుంది. చూడాల్సింది ముద్ద చుట్టూ ఉన్న నీళ్లను. ఇక్కడి మట్టికి నాలుగైదు నిమిషాల్లో పొగలాంటి తెర లేచింది, పది నిమిషాలకి గ్లాసు అడుగంతా పాలు పోసినట్టయింది. గంట తర్వాత గ్లాసు వెనక వేలు పెడితే కనబడలేదు. కట్టలో తొమ్మిది చోట్ల తీసిన నమూనాల్లో ఆరు ఇలాగే వచ్చాయి. ల్యాబ్‌లో బంకరేణువులు వాటంతటవే ఎంత విడిపోతాయో కొలిచే రెండు హైడ్రోమీటర్ల పరీక్ష కూడా చేయించాం, 58 శాతం వచ్చింది. 50 దాటితే కరిగిపోయే మట్టి కింద లెక్క.

ఇక పైపు. 600 మిల్లీమీటర్ల పైపులోకి మనిషిని పంపడం అపాయం, పంపకూడదు. చిన్న చెక్క బండి మీద సెల్‌ఫోన్, టార్చి కట్టి తాడుతో లాగి వీడియో తీశాం. కట్ట బరువు ఎక్కువ పడే నడిమి భాగంలో రెండు జాయింట్లు రెండు సెంటీమీటర్లకు పైగా విడిపోయి ఉన్నాయి. ఒకదాని అడుగున తెల్లమట్టి కుప్ప. నీళ్లు పైపు బయటి గోడ వెంటే కాదు, జాయింట్ల గుండా కూడా కట్టలోకి పోతూ వస్తూ ఉన్నాయి.

నిర్ణయం

మూడు దారులు కనిపించాయి. మొదటిది, పైపుకు ఇంకా కొన్ని కాంక్రీటు కాలర్లు (పైపు చుట్టూ అడ్డంగా నిలిపే పట్టీలు) కట్టడం. పాత పైపుకు అప్పటికే మూడున్నాయి. కాలర్లు నీళ్లు ప్రయాణించే దారిని పొడిగిస్తాయని పాత పుస్తకాల లెక్క. పనిలో జరిగేది వేరు. కాలర్ మూలల్లోకి రోలరు పోదు, దిమ్మిస కూడా సరిగ్గా పడదు, అక్కడ మట్టి వదులుగా మిగులుతుంది. తవ్వినప్పుడు మూడు కాలర్ల కిందా చేయి దూరే ఖాళీలు కనిపించాయి. వీటిని వాడిన దేశాల్లోనే 1980ల నుంచి వదిలేసి, పైపు చుట్టూ నీళ్లను వదిలి మట్టిని ఆపే ఇసుక ఫిల్టరు పెట్టడానికి మారారు.

రెండోది, పైపు అలాగే ఉంచి దిగువ భాగంలో మాత్రం తవ్వి ఫిల్టరు పెట్టడం. తక్కువ ఖర్చు. జాయింట్లు బాగుంటే ఇదే చేసేవాళ్లం. విడిపోయిన జాయింట్ల మీద ఫిల్టరు పెడితే ఎగువన గుంతలు పడుతూనే ఉంటాయి.

మూడోది, కట్టను పైపు వెంట అడ్డంగా కోసి, పైపు మార్చి, మళ్లీ కట్టడం. ఫిబ్రవరి నుంచి మే వరకు వంకలో నీళ్లుండవు. వరద కట్టకున్న సౌకర్యం అదొక్కటే, దాన్ని వాడుకున్నాం.

కోత ఎలా కోయాలన్నదాని మీద ఎక్కువ చర్చ నడిచింది. నిలువు గోడలతో కోస్తే మట్టి 500 ఘనపు మీటర్లు కూడా దాటదు. అలా కోసి నింపితే కొత్త మట్టి దిగేటప్పుడు పాత గోడలను పట్టుకుని వేలాడుతుంది. దాని బరువు అడుగున ఉన్న మట్టి మీద పూర్తిగా పడదు. పట్టు తక్కువైన ఆ చోటును నీటి ఒత్తిడి చీల్చుకుని పోతుంది. అందుకే పక్కలు రెండుకి ఒకటి వాలుతో కోశాం. అడుగున 3 మీటర్ల వెడల్పు, పైన 30 మీటర్లు. మొత్తం మట్టి దాదాపు 1,600 ఘనపు మీటర్లు. మూడు రెట్లకు పైగా ఖర్చు పెరిగినా ఈ ఒక్క విషయంలో తగ్గలేదు.

పని జరిగిన తీరు

అడుగు మట్టి తడిపి కుదించి, ఎం20 రకం కాంక్రీటు తొట్టి పోసి, రబ్బరు రింగుల జాయింట్లున్న పైపు అందులో కూర్చోబెట్టాం. కాంక్రీటు పైపు సగం ఎత్తు దాకా వచ్చింది. పైపు కడుపు కింద మట్టిని ఎంత కొట్టినా కుదరదు, ఆ పని కాంక్రీటుకే వదలాలి. తొట్టి పక్కలు నిలువుగా కాకుండా పదికి ఒకటి చొప్పున లోపలికి వాలేలా పోశాం. కట్ట దిగేకొద్దీ మట్టి కాంక్రీటును ఒత్తుకుంటుంది తప్ప దూరం జరగదు. పాత కాలర్లన్నీ తీసేశాం.

మట్టి గుట్ట అవతలి వైపు నుంచి తెచ్చాం. బంక కలిసిన ఎర్ర గరప. ప్రతి వంద ఘనపు మీటర్లకు ఒకసారి గ్లాసు పరీక్ష. నీళ్లు కట్ట మీద ట్యాంకరుతో చల్లడం కాకుండా, మట్టి తవ్వే చోటే ముందురోజు సాయంత్రం తడిపి రాత్రంతా నాననిచ్చాం. కట్ట మీద చల్లితే పైన బురద, లోపల పొడి. తేమ, మట్టి బాగా కుదిరే మోతాదు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువే ఉంచాం. పైపు దగ్గర మట్టి కాస్త మెత్తగా ఉంటే కట్ట దిగినప్పుడు పగలకుండా వంగుతుంది. పొర 20 సెంటీమీటర్లు పోసి 15కి కుదించాలి. పైపుకు 60 సెంటీమీటర్ల లోపు రోలరు రాకూడదు. అక్కడ 10 సెంటీమీటర్ల పొరలు వేసి చేతి ర్యామర్‌తో కొట్టాం. ప్రతి పొరకు రెండు చోట్ల సాంద్రత కొలిచే కోర్ కట్టర్ పరీక్ష, ప్రాక్టర్ సాంద్రతలో 95 శాతం వస్తేనే పై పొర. పొర మీద పొర వేసే ముందు పై తలాన్ని గీరి తడిపాం. పాత వాలు దగ్గర ఎండిన పొర చెక్కి, పచ్చి మట్టి కనబడ్డాకే కొత్తది కలిపాం.

ఇక ఇసుక ఫిల్టరు. కట్ట నడుం దాటి దిగువ వైపు, పైపు చుట్టూ 90 సెంటీమీటర్ల మందాన ఇసుక గోడ. పైపుకు రెండు పక్కలా, పైనా పైపు వ్యాసానికి మూడు రెట్లు, అంటే 1.8 మీటర్లు. కింద తొట్టి అడుగు దాకా. మొత్తం కలిపి 13 ఘనపు మీటర్లే. ఈ కట్ట ప్రాణం నిలిపింది ఆ రెండు మూడు టిప్పర్ల ఇసుక.

ఐతే ఏ ఇసుక పడితే అది కుదరదు. కరిగిపోయే మట్టిని ఆపాలంటే ఫిల్టరులో సన్నని 15 శాతం రేణువులు అర మిల్లీమీటరుకు మించకూడదు. కాంక్రీటుకు వాడే కడిగిన జోన్ 2 ఇసుక జల్లెడ పట్టి చూస్తే సరిపోయింది. అందులో దుమ్ము ఎక్కువైతే ఇసుక కూడా మట్టిలా గట్టిపడి పగులుతుంది, పగిలిన ఫిల్టరు ఫిల్టరు కాదు. దానికో చిన్న పరీక్ష ఉంది. తడి ఇసుకను గ్లాసులో కూరి పళ్లెంలో బోర్లించాలి, పిల్లలు కట్టే ఇసుక గూడులా నిలబడుతుంది. పళ్లెంలో మెల్లగా నీళ్లు పోయాలి. మంచి ఇసుక నీళ్లు తగిలిన క్షణంలోనే జారి కుప్పకూలుతుంది. మొదటి లోడు ఇసుక నీళ్లలోనూ అలాగే నిలబడింది, తిప్పి పంపేశాం. లోపల పగులు వస్తే ఇసుక దానంతటదే జారి పూడ్చుకోవాలి, అందుకే ఈ పట్టుదల.

ఫిల్టరు నుంచి దిగువ చివరిదాకా పైపు పక్కనే 20 మిల్లీమీటర్ల కంకర కాలువ, చుట్టూ అదే ఇసుక. బట్ట చుట్టమని సలహా వచ్చింది. కట్ట లోపల పూడుకుపోతే తీసి మార్చలేం కాబట్టి ఒప్పుకోలేదు. కాలువ చివర వీ నాచ్ (ఊట ఎంతో కొలిచే వీ ఆకారపు గాడి) పెట్టి, పక్కన నీటిమట్టం కొలిచే పలక నిలబెట్టాం.

పాత కట్ట మిగతా ఒళ్లంతా చౌడే. అంతా విప్పి కట్టే డబ్బు లేదు. లోతైన 60 మీటర్ల మేర దిగువ వాలు మీద మరువ మట్టం దాకా 45 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని మీద ఎర్ర గరప బరువు వేశాం. ఆ పొరకే దాదాపు 290 ఘనపు మీటర్ల ఇసుక పోయింది. కట్ట పైన 20 సెంటీమీటర్ల గ్రావెల్ పరిచాం, ఎండ నేరుగా చౌడుకు తగలకుండా.

పైపు నోటికి ముందు కంప అడ్డుపడకుండా 15 సెంటీమీటర్ల సందుల ఇనుప జాలీ ఏటవాలుగా బిగించాం. నిలువు జాలీకి ఒక్క తుమ్మకొమ్మ చాలు, పైపు మూసుకుపోయినట్టే.

మరువ లెక్క

సందు దొరికింది కదా అని పాత లెక్కలు తిరగేస్తే ఇంకో తప్పు బయటపడింది. పరీవాహక విస్తీర్ణాన్ని బట్టి గరిష్ఠ వరదను అంచనా వేసే రైవ్స్ సూత్రంలో గుణకం 6.8 తీసుకున్నారు. అది తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలది. గుట్టల కింద ఉన్న ఈ చోటికి 10.2 తీసుకోవాలి. సెకనుకు 17.7 ఘనపు మీటర్లు అనుకున్న వరద దాంతో 26.5 అవుతుంది. గంటకు 60 మిల్లీమీటర్ల వాన, 40 శాతం పారుదల పెట్టి ఇంకో పద్ధతిలో చూస్తే 28 వచ్చింది. 10 మీటర్ల మరువను 17 మీటర్లకు వెడల్పు చేశాం. మీటరు ఎత్తున పొర్లితే అది 28.9 మోస్తుంది, అప్పటికీ కట్ట మీద మీటరు మిగులుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లి కొట్టుకుపోయిన సంగతి రాయలసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఊట సంగతి ఎంత బాగుచేసినా, మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే నిలవదు.

తర్వాతి సీజన్లు

మరమ్మతు తర్వాత రెండో ఏడు నవంబరులో నీళ్లు 14 గంటల్లో 4.1 మీటర్లకు చేరాయి, ఇంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తు. వీ నాచ్‌లో 3 సెంటీమీటర్లు, అంటే సెకనుకు 0.2 లీటర్లు. మొదటి గంట కాస్త మసగ్గా, తర్వాత తేటగా. కట్ట ఖాళీ అవుతున్న కొద్దీ ధార కూడా సన్నబడి, నీళ్లు మీటరుకు దిగేసరికి చుక్కలైంది. ఊట నీటిమట్టాన్ని అనుసరించి పెరిగి తగ్గితే ఫిల్టరు పని చేస్తున్నట్టు. మట్టం తగ్గినా ధార తగ్గకపోతే, అదే మట్టానికి ఈసారి ఎక్కువ వస్తే, మళ్లీ తవ్వాల్సిందే.

ఎడమ చివర 80 మీటర్ల చౌడు కట్టకు ఇప్పటికీ ఫిల్టరు లేదు. అక్కడ కట్ట ఎత్తు 3 మీటర్ల లోపే కాబట్టి ఈ దఫాకు వదిలేశాం. దానికి బదులుగా ఒక అలవాటు పెట్టాం. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో కట్ట మీద పగుళ్లు వెతికి, కనిపించిన ప్రతి పగులులో పల్చటి సున్నపు నీళ్లు పోస్తారు. మర్నాడు పక్కనే గుంత తవ్వి తెలుపు ఎంత లోతుకు దిగిందో టేపుతో కొలుస్తారు. 30 సెంటీమీటర్ల లోపైతే పైన తడిపి కొట్టి వదిలేస్తారు. అది దాటితే తెలుపు ఆగిన చోటికి ఇంకో జానెడు దాకా తవ్వి, ఎర్ర గరపతో పొరలుగా నింపుతారు. పోయిన సెప్టెంబరులో ఎడమ చివర ఒక పగులులో తెలుపు 70 సెంటీమీటర్లు దిగింది. అక్కడ తవ్వితే అడ్డంగా పందికొక్కు బొరియ దొరికింది, కట్ట వెడల్పులో సగం దాకా పోయి ఉంది. దాన్ని తవ్వి నింపాక, ఆ 80 మీటర్లకు కూడా ఇసుక పొర వేయడానికి అంచనా తయారుచేసి పంపాం.